రాంబాడా మిగిలిన చోటు

గౌరీకుండ్ నుంచి కేదారనాథ్‌కు పాత నడకదారి 14 కిలోమీటర్లు. సరిగ్గా సగం దారిలో రాంబాడా వచ్చేది. ఊరనడానికి లేదు. గుడి తలుపులు తెరిచినప్పుడు పుట్టి, దీపావళి వెళ్లి తలుపులు మూయగానే ఖాళీ అయిపోయే బజారు. రేకుల కప్పులు, నీలం టార్పాలిన్లు, వాటికింద తడిసి ఉబ్బిన బల్లలు. కంచరగాడిదల పేడ వాసన, తడి కంబళ్ల వాసన, కిరసనాయిలు స్టవ్ మీద మరుగుతున్న పాల వాసన కలిసిపోయి ఉండేవి. మనవాళ్ల గుంపు కనిపిస్తే చాలు, ఒక దుకాణదారు "అమ్మా రండి, వేడినీళ్లు" అని తెలుగులో కేకేసేవాడు. అతనికి వచ్చిన తెలుగంతా అదే. అమ్మలు లోపలికి వచ్చి ఆవకాయ సీసా తీశాక అతని భాషతో పనుండేది కాదు.

నేను యాత్రకు వెళ్లినవాణ్ణి కాదు. నేను చదివింది జియాలజీ, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో. విశాఖలో రాయి ఎండకూ వానకూ మగ్గిపోతుంది. కైలాసగిరి మీది ఖొండలైట్‌ను గోటితో గీకినా ఎర్రగా రాలే చోట్లున్నాయి. చలిదేశంలో రాయి మగ్గదు, పగులుతుంది. పగుల్లో చేరిన నీరు రాత్రికి గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. పొద్దున కరుగుతుంది, రాత్రి మళ్లీ ఉబ్బుతుంది. వేల రాత్రులు ఇలా గడిచాక కొండచరియ నుంచి ఒక పలక ఊడిపడుతుంది. ఇది పుస్తకంలో చదివినప్పుడు ఒక వాక్యం. కేదారనాథ్ వెనక సాయంత్రం నాలుగింటికి నీడపడ్డ గోడల నుంచి టక్కు టక్కుమని రాళ్లు రాలుతుంటే విన్నప్పుడు వేరు.

గుడి దాటి పైకి వెళ్తే చోరాబాడీ హిమానీనదం. సినిమాల్లో చూసిన తెల్లటి మంచు కోసం వెళ్లినవాళ్లకు అక్కడ నిరాశే. కింది భాగమంతా రాళ్లూ బురదా కప్పుకుని ఉంటుంది. క్వారీ పక్కన పోసిన దిబ్బలనుకుని దాటిపోతారు. రాళ్లను కాలితో పక్కకు నెడితే నల్లటి ఐసు తగులుతుంది. దానికి రెండు పక్కలా కట్టల్లా నిలబడినవి మొరైన్లు. హిమానీనదం నిండుగా ఉన్న రోజుల్లో మోసుకొచ్చి అంచుల్లో వదిలేసిన సరుకు అది. ఐసు కుంగిపోయింది, కట్టలు అలాగే ఉండిపోయాయి. నది తెచ్చిన రాళ్లయితే గుండ్రంగా, పరిమాణం ప్రకారం విడివిడిగా సర్దుకుంటాయి. ఇక్కడ ఆ మర్యాద లేదు. లారీ అంత బండ పక్కనే పిడికెడు రాయి, రెంటి మధ్యా బూడిదరంగు పిండి. ఆ పిండిని నీళ్లలో కలిపి వేళ్ల మధ్య రుద్దితే పట్టులా జారుతుంది. ఐసు కింద రాయిని రాయి నూరితే వచ్చేది అదే. మందాకిని నది ఎండాకాలంలో సున్నపు నీళ్ల రంగులో పారడానికి కారణమూ అదే.

కుడిపక్క మొరైన్‌కూ కొండవాలుకూ మధ్య ఒక పల్లంలో చోరాబాడీ తాల్ అనే చెరువు ఉండేది. 1948లో గాంధీగారి అస్థికల్లో కొంత భాగాన్ని అందులో కలిపారు. అప్పటినుంచి దానికి గాంధీ సరోవర్ అని పేరు. పొడవు 400 మీటర్లు, వెడల్పు 200 మీటర్లు ఉండొచ్చు. హిమానీనదం నీళ్లు అందులోకి వచ్చేవి కావు. వానా, వాలు మీద కరిగిన మంచూ మాత్రమే చేరేవి. బయటికి పారే కాలువ కూడా లేదు. అడుగునున్న రాళ్ల సందుల్లోంచి నీరు నెమ్మదిగా ఊరుతూ పోయేది. జూన్ మొదట్లో వెళ్తే ఒక అంచున ఐసు పలకలు తేలుతుండేవి. సాధువు ఒకరు ఒడ్డున రాయి మీద కూర్చుని పళ్లు తోముకునేవారు. అంతకు మించి అక్కడ చెప్పుకోదగ్గ విశేషం లేదు. చెరువు వయసు అడిగేవాళ్లు, చెరువు లోతు అడిగేవాళ్లు. కట్ట దేనితో చేసిందని అడిగిన యాత్రికుణ్ణి మాత్రం నేను చూడలేదు.

మా పని కట్టల వయసు పట్టుకోవడం. దానికి ఒక దారి లైకెన్లు. బిర్యానీలో వేసే రాతిపువ్వుకు చుట్టాలివి. రాయి మీద పసుపుపచ్చ బిళ్లల్లా పట్టుకుని ఏడాదికి మిల్లీమీటరు కూడా పెరగవు. అతిపెద్ద బిళ్ల వ్యాసాన్ని కొలిచి, ఆ రాయి ఎప్పటినుంచి కదలకుండా ఉందో లెక్కకట్టేవాళ్లం. ఇంకా పాత కట్టలకు ఇసుకరేణువు సాక్ష్యం. మట్టికింద చీకట్లో పడ్డ రేణువు చుట్టూ ఉన్న మట్టి రేడియోధార్మికత నుంచి వచ్చే శక్తిని కొద్దికొద్దిగా దాచుకుంటుంది. వెలుగు తగిలిందా, దాచుకున్నదంతా పోతుంది. అందుకే ఇనుప గొట్టాన్ని సుత్తితో గట్లోకి దిగగొట్టి, రెండు మూతులూ మూసి, నల్లగుడ్డ చుట్టి దించేవాళ్లం. ఆ గొట్టం పట్టుకెళ్తుంటే బాంబనుకుని ఒక హోంగార్డు ఆపాడు. లోపల మట్టే ఉందన్నాం. తెరిచి చూపించమన్నాడు. తెరిస్తే పని చెడుతుందని చెప్పి నమ్మించడానికి రెండు టీలు ఖర్చయ్యాయి.

ఇలాంటి రేణువులతోనే మందాకిని లోయకు ఒక కాలపట్టిక తయారైంది. 2012లో అచ్చయింది. సుమారు 13 వేల ఏళ్ల కిందట హిమానీనదం ఇప్పటి కొస నుంచి ఆరు కిలోమీటర్ల దాకా కిందికి, 2,800 మీటర్ల ఎత్తు వరకూ దిగివచ్చిందట. ఆగిన చోట మొరైన్ మిగిలింది. లోయ వెడల్పాటి తొట్టిలా ఉండేది కూడా అక్కడి వరకే. కిందికి దిగితే నది కోసిన సన్నటి గండి. ఆ చోటు పేరే ఆ దశకు పెట్టారు: రాంబాడా దశ. తర్వాత ఘిందుర్‌పానీ, గరుడియా, చివరికి సుమారు 5 వేల ఏళ్ల నాటి కేదారనాథ్ దశ.

మరుసటి ఏడాదే, 2013 జూన్‌లో, చోరాబాడీ దగ్గర 24 గంటల్లో 300 మిల్లీమీటర్లకు పైగా వాన పడింది. అనంతపురంలో ఏడాదంతా కురిసేదాంట్లో సగానికి పైనే. 16వ తేదీ సాయంత్రం మొదటి వరద వచ్చింది. 17 ఉదయం ఏడు కాకముందే చెరువు కట్ట తెగింది. అడుగు సందుల్లోంచి ఊరే దారి ఆ నీటికి చాలలేదు. చెరువంతా నిమిషాల్లో ఖాళీ అయింది. గుడి వెనక ఒక పెద్ద బండ ఆగి వరదను రెండుగా చీల్చింది. భీమశిల అని పూజిస్తున్నారు. దైవలీల అన్నవాళ్లతో నాకు పేచీ లేదు. ఆ బండను తెచ్చింది కూడా ఆ వరదే అన్నది మాత్రం మరవకూడదంటాను. వేలమంది పోయారు. ఆ వారమంతా మా ఇంటి ఫోను మోగుతూనే ఉంది. వరద ఎలా వచ్చిందని ఎవరూ అడగలేదు. తమ గుంపు బస్సు సోన్‌ప్రయాగ్‌లో ఉందో, గౌరీకుండ్‌లో ఉందో కనుక్కోగలవా అని అడిగారు.

గౌరీకుండ్‌లో యాత్రికులు స్నానం చేసే వేడినీటి గుండం పోయింది. రాంబాడా పూర్తిగా పోయింది. ఒక్క గోడ కూడా మిగల్లేదు. మేం అక్కడ పనిచేసిన రోజుల్లో ఫిల్ము పొదుపుగా వాడేవాళ్లం, రాళ్లకే సరిపోయేది. నా దగ్గరున్న ఫోటోల్లో ప్రతి రాయి పక్కనా కొలత కోసం సుత్తి ఉంటుంది, మనుషులుండరు. ఒక్కదాంట్లో మూలన నీలం టార్పాలిన్ అంచు, దాని కిందనుంచి ఒక గాజుగ్లాసు పట్టుకున్న చెయ్యి. ఇప్పుడు రాంబాడా అన్న పేరు నిలకడగా బతుకుతున్నది పరిశోధన పత్రాల్లో, కరిగిపోయిన ఐసు దశ పేరుగా. దుకాణదారులు ఆ పత్రాలు చదవరు, చదివే కుర్రవాళ్లు అక్కడ టీ తాగలేదు.

దారి అవతలి గట్టుకు మారింది, 16 కిలోమీటర్లయింది. 2024 జులై చివర్లో అదీ తెగింది, మళ్లీ వేశారు. మొన్న మా మేనకోడలు ఫోన్ చేసింది. "మామయ్యా, మా అత్తగారిని కేదారనాథ్ తీసుకెళ్దామనుకుంటున్నాం, భయమేం లేదుగా?"

"దసరా వెళ్లాక పెట్టుకోండమ్మా. వానాకాలం వద్దు. ఏటి ఒడ్డున గది మాత్రం తీసుకోకండి."

"ఏటికి ఎంత దూరమైతే మంచిది?"

"దూరం లెక్క కాదు. లాడ్జి గోడ కింద నేల చూడు. గుండ్రటి రాళ్లు, ఇసుకా కనిపిస్తే నది ఒకప్పుడు అక్కడికి వచ్చినట్టే. ఇంకాస్త పైకి వెళ్లి దిగండి."

కాసేపు ఆలోచించింది. "గదులు ఆన్‌లైన్లో బుక్ చేస్తున్నాం మామయ్యా. బాత్‌రూమ్ ఫోటోలు పెడుతున్నారు, నేల ఫోటో ఎవరూ పెట్టట్లేదు. అడగమంటారా?"

అడుగమ్మా, తప్పేముంది అన్నాను.