రణపాల యాకు నేర్పు పాఠము

రణపాల కోరునది మిక్కిలి స్వల్పము. గుప్పెడు ఇసుక, కొంచెము ఎఱ్ఱమన్ను, అప్పుడప్పుడు చిలుకరించిన నీరు. ఇంతమాత్రముతోనే యది మన డిచ్‌పల్లి వేసవి యెండలను సహించి పచ్చగా నుండును. చలిదేశములలో బండల సందులను, పాతగోడల మీదను నేల నంటి పెరుగు స్టోన్‌క్రాప్ అను చిన్న మొక్కయు, మన రణపాలయు క్రాసులేసీ యను నొకే కుటుంబమునకు జెందినవి. రణపాలకు పుట్టినిల్లు మడగాస్కరు ద్వీపమైనను, అది మన దేశమునకు వచ్చి బహుకాలమగుటచే మన పెరటి మొక్కయే యైనది.

దీనిని పెంచుట సులభము. విత్తనము వెదుక నక్కరలేదు. ముదిరిన యాకు నొకదానిని త్రుంచి, తడి యిసుకపై పరచి, నీడపట్టున నుంచవలెను. కొలది దినములలో ఆకు అంచునందలి గంట్లనుండి సన్నని వేళ్లును, చిన్న యాకులును బయలుదేరును. పిల్లమొక్కలు రెండంగుళము లెదిగిన పిమ్మట వేరుచేసి, అడుగున రంధ్రముగల కుండలో ఇసుక కలిపిన ఎఱ్ఱమన్నునందు నాటవలెను. మన్ను బాగుగ నారిన తరువాతనే నీరు పోయవలెను. నీరు నిలిచినచో వేళ్లు కుళ్లును. జర్మను మహాకవి గోథే యీ మొక్కయం దెంతో ప్రీతి గలవాడై, తాను పెంచిన పిల్లమొక్కలను మిత్రులకు పంచెను.

అయితే నే నిది వ్రాయుటకు వేరొక కారణము గలదు. బెంజమిన్ హెయిన్ అను జర్మను దేశీయుడు మొరేవియను మిషనరీగా మన దేశమునకు వచ్చి, 1793 తరువాత సామర్లకోటయందలి కుంపిణీవారి తోటను చూచుచుండెను. ఈ యాకు ఉదయమున పుల్లగను, మధ్యాహ్నమున రుచిలేకయు, సాయంకాలమున కొంచెము చేదుగను ఉండుట నాయన గమనించెను. ఆ సంగతి దెలుపు నాయన లేఖ లండను లిన్నియను సంఘమువారి సంపుటమున 1815లో అచ్చయ్యెను. ఆయనకు గావలసిన పరికరము నాలుక యొక్కటియే.

ఈ మాట చెప్పగా మా తరగతిలో నొక బాలుడు, "సార్, పుస్తకములో నున్నదానిని మరల జూడనేల?" అని యడిగెను. ఆ ప్రశ్నకు మాటతోగాక పనితో నుత్తర మీయ దలచితిని. రణపాలయందు గుండెకు హానిచేయు పదార్థములు గలవు గనుక పిల్లలను రుచి చూడనీయలేదు. పసుపునకు పేరుపొందిన ఆర్మూరు మనకు దగ్గరనే గదా! పసుపును సున్నమును గలిసి ఎఱ్ఱని పారాణి యగుట మన తల్లు లెరిగినదే. తెల్లవారగనే కోసిన యాకును, సాయంకాలము కోసిన యాకును సమానమగు తూకమున దీసికొని, కోసినవెంటనే నూరి, సమానముగ నీరు కలిపి, వడగట్టి, చిటికెడు పసుపు వేసి, సున్నపు తేటను చుక్కచుక్కగ వదలితిమి. పులుపు విరుగువరకు రంగు మారదు. విరిగిన పిదప ఎఱ్ఱనగును. ఉదయపు రసమునకు చుక్కలు హెచ్చుగను, సాయంకాలపు రసమునకు తక్కువగను పట్టినవి.

ఒక బాలిక మాత్రము ముసురు పట్టిన దినమున చేసెను. ఆమె లెక్కలో రెంటికిని భేదము స్వల్పము. తోటివారి లెక్కలతో సరిపోవునట్లు అంకెను దిద్దుటకు రబ్బరు చేత బట్టగా నేను వారించితిని. "అమ్మా, నీవు చూచినదే వ్రాయుము" అంటిని.

ఆ యంకెయే మాకు పాఠమైనది. ఈ మొక్క పగటి యెండలో నీ రావిరిగా పోకుండ పత్రరంధ్రములను మూసికొని, చల్లని రాత్రి తెరచి, బొగ్గుపులుసు గాలిని గ్రహించి మాలిక్ ఆమ్లముగ దాచుకొనును. మరునాడు సూర్యకాంతి యా నిలువను వెచ్చించి చక్కెరను జేయును. కాంతి కొరవడిన దినమున పులుపు త్వరగా తరగదు. దిద్దియుండినచో ఆ సత్యము తుడిచివేయబడెడిది!

తలిదండ్రుల కొక మనవి. పల్లెలలో నీ యాకును వెచ్చజేసి గాయములకు గట్టుదురు; అది వైద్యునికి బదులు కాదు. పశువులు మేయకుండ, ముఖ్యముగ పూలను దినకుండ, కాపాడుడు. విద్యార్థులారా, ఇంటికొక యాకు గొనిపోయి నాటుడు. దాని ప్రక్క నొక చిన్న పుస్తకము నుంచి, చూచినది చూచినట్లు వ్రాయుడు.