విరిగిన చేయి, అరిగిన ముఖం

అమీర్‌పేటలోని మా దేవాలయంలో ముప్పది సంవత్సరాలుగా అర్చకత్వం నిర్వహిస్తున్నాను. గత మాఘమాసంలో ఉత్సవానంతరం స్వామిని వాహనం నుండి దింపుతుండగా నా చేయి జారింది. పంచలోహ ఉత్సవమూర్తి దక్షిణహస్తం మణికట్టు వద్ద విరిగింది. దోషం నాదే.

ఉపాంగలోపమైతే సంధానం చేయవచ్చు. ప్రధానాంగం భగ్నమైతే ఆ బింబం అర్చనార్హం కాదని ఆగమమర్యాద. కళాకర్షణం చేసి, దైవశక్తిని కుంభంలోనికి, కుంభం నుండి నూతనబింబంలోనికి ఆవాహనం చేశాము. ఇక పాతమూర్తి మాటేమిటి? నదిలో నిమజ్జనం చేద్దామని నేనే త్వరపడ్డాను. ధర్మకర్తలలో ఒక పెద్దాయన "స్వామీ, మ్యూజియంకు ఇస్తే?" అన్నారు. అర్చామూర్తిని ప్రదర్శనవస్తువుగా చేయడానికి నా మనస్సు అంగీకరించలేదు. అయినా చూడకుండా కాదనడం న్యాయం కాదని, ఒకనాడు మధ్యాహ్నం గుడి తలుపులు మూసిన పిమ్మట బయలుదేరాను.

అమీర్‌పేటలో మెట్రో ఎక్కి, పంజాగుట్ట దాటి, అసెంబ్లీ స్టేషన్‌లో దిగి, పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర పురావస్తు ప్రదర్శనశాలకు నడిచాను. 1930లో నిజాం పాలనలో ఏర్పడిన సంస్థ అది. అక్కడి కాంస్యవిగ్రహాల శాలలో చోళుల కాలపు మూర్తులున్నాయి.

నాకు ముందుగా కలిగింది భక్తి కాదు, సంకోచం. అలంకారరహితమైన దివ్యమూర్తిని తెర వెనుక అర్చకుడొక్కడే దర్శిస్తాడు. ఇక్కడ పట్టువస్త్రం లేదు, పూలమాల లేదు, తెర అసలే లేదు. అమ్మవారి ముందు కళ్ళు దించుకున్నాను. దించిన కళ్ళకు పీఠం కనిపించింది. ఊరేగింపులో మూర్తిని కట్టి నిలపడానికి అందులో రంధ్రాలున్నాయి. ఈ తల్లి కూడా ఒకనాడు తిరువీథుల్లో విహరించినదే!

మైనపు ప్రతిమ చుట్టూ మట్టి పొదివి, మైనం కరిగించి, ఆ ఖాళీలో లోహం పోసేది మధూచ్ఛిష్టవిధానం. అచ్చు పగిలితేగాని మూర్తి వెలికిరాదు. ఆ అచ్చులో రెండవ మూర్తి రాదు. కొన్ని విగ్రహాల ముఖరేఖలు నునుపుగా అరిగి ఉన్నాయి. అది శిల్పి పని కాదు. తరతరాల అభిషేకాలలో, నావంటి అజ్ఞాత అర్చకుల అరచేతులు చేసిన పని. ఆవాహనం లేకపోవచ్చు, నైవేద్యం ఆగిపోయి ఉండవచ్చు. ఆ సేవ మాత్రం లోహంపై మిగిలే ఉంది. గురువు దేహం చాలించిన తరువాత పాదుకలకు మ్రొక్కమా? చెప్పులు విడిచి, చేతులు జోడించాను.

తిరిగివచ్చి ధర్మకర్తలతో చెప్పాను: "మన మూర్తి నూరేళ్ళు దాటినదని పెద్దల మాట. అంతటి ప్రాచీనశిల్పాలు 1972 నాటి పురావస్తు చట్టం పరిధిలోనికి వస్తాయి. ముందు పురావస్తుశాఖ వారికి చూపిద్దాం. నదికి మాత్రం వద్దు."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. స్వామి అద్దం వెనుక నిలిస్తే, ఆ విరిగిన చేతితో పాటు నా ప్రమాదం కూడా లోకానికి కనిపిస్తుంది. నిమజ్జనానికి నేను త్వరపడింది ఆగమం కోసమా, నా తప్పు నీటి అడుగున దాగడం కోసమా? సమాధానం నాకు తెలిసింది. మరునాడు స్వామికి అదే విన్నవించుకున్నాను.

స్వస్తి.