ఆర్ కొత్త వెర్షన్ వేశాం, ప్యాకేజీలు పోయాయి, పాత తప్పు దొరికింది

ఇది కొంచెం పెద్ద పోస్టు. ప్రాజెక్టుకి, పీహెచ్‌డీకి, సర్వే లెక్కలకి ఆర్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు మొత్తం చదవండి. వాడనివాళ్లు రెండో సగమైనా చదవండి, అందులో ఉన్నది మన ఊళ్ల సంగతే.

మేం ముగ్గురం ఒకే హాస్టల్ గదిలో ఉంటాం. ముగ్గురివీ పాడేరు అవతల కొండల మీది ఊళ్లే. గదిలో ఉన్నది ఒకటే ల్యాప్‌టాప్, మా సీనియర్ అన్నయ్య చదువు అయిపోయి వెళ్తూ మాకిచ్చి వెళ్లింది. అందులో ఆర్ 3.6 ఉంది, అన్నయ్య రాసిన స్క్రిప్టులు ఉన్నాయి, అందరం కలిసి సెలవుల్లో తిరిగి రాసుకొచ్చిన సర్వే ఉంది. ఇంటింటికీ వెళ్లి చాలా ప్రశ్నలు అడిగాం గానీ ముఖ్యమైనది ఒకటే: మీ ఇంటి నుంచి పీహెచ్‌సీకి నడిచి వెళ్లాలంటే ఎన్ని నిమిషాలు పడుతుంది? డోలీ మోత అంటే ఏంటో ఈ గ్రూపులో ఎవరికీ చెప్పక్కర్లేదు. రోడ్డు కోసం పెట్టే అర్జీకి ఆ పట్టిక జత చేయాలన్నది ఊరి పెద్దల మాట. అన్నయ్య ఉన్నప్పుడే ఒక పట్టిక తయారైంది. దానికి కొత్తగా తిరిగిన ఊళ్లు కలిపి మళ్లీ తీయడం మా పని.

అసలు కొత్త వెర్షన్ ఎందుకు వేశామంటే, ఊళ్ల పేర్ల కోసం. మేం ఊరి పేర్లు, ఇంటి పేర్లు తెలుగులోనే రాసుకున్నాం. విండోస్‌లో పాత ఆర్ ఆ పట్టికని తెర మీద చూపిస్తే తెలుగు అక్షరాల బదులు అక్షరానికో కోడ్ వచ్చేది. చూస్తే అది ఊరి పేరో, ఫోన్ నంబరో తెలిసేది కాదు. 2022లో వచ్చిన 4.2 నుంచి విండోస్‌లో కూడా ఆర్ యూటీఎఫ్-8 వాడుతుందని, కొత్త విండోస్ 10 ఉంటే తెలుగు తెలుగులాగే కనిపిస్తుందని క్లాస్‌మేట్ ఒకరు చెప్పారు. ఇంకేం, 4.3 దించి వేసేశాం. ముగ్గురిలో బటన్ నొక్కింది ఎవరో మాత్రం చెప్పం.

ఊరి పేర్లు చక్కగా వచ్చాయి. సంబరపడి స్క్రిప్టు నడిపాం. మొదటి లైనులోనే ఎర్ర అక్షరాలు: ఫలానా ప్యాకేజీ లేదు. రెండోది లేదు. మూడోదీ లేదు. అన్నయ్య రెండేళ్లుగా ఒక్కొక్కటీ పోగు చేసుకున్నవి ఒక్కటీ కనిపించలేదు. అప్పటికి రాత్రి పదకొండు. అర్జీ ఇవ్వాల్సిన రోజుకి ఇంక మూడు రోజులే ఉంది. ఆ రాత్రి మా గదిలో ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. ఒకరు మాత్రం అన్నారు, "మనకెందుకొచ్చినవి రా ఇవన్నీ, పాడు చేసేశాం కదా" అని.

ఆ మాట గురించే ముందు చెప్పాలి. ఎర్ర అక్షరాలు కనిపించగానే ఇది మెషీన్ సంగతి అని మనం అనుకోం, మనకి చేతకాలేదు అనుకుంటాం. కంప్యూటర్ ల్యాబ్‌లో మొదటిసారి మౌస్ పట్టుకున్నప్పటి నుంచి ఆ భయం మనతోనే వస్తోంది. తెల్లారి అన్నయ్యకి ఫోన్ చేస్తే ఆయన నవ్వారు. "ఏటీ పోలేదురా. ఇల్లు మారారు, సామాను పాత ఇంట్లో ఉండిపోయింది, అంతే" అన్నారు.

నిజంగా అంతే. ఆర్ మొదటి రెండు అంకెలు మారిన ప్రతిసారీ, అంటే 3.6 నుంచి 4.0కో, 4.2 నుంచి 4.3కో వెళ్లినప్పుడు, మనం వేసుకున్న ప్యాకేజీల కోసం వేరే ఫోల్డర్ వాడుకుంటుంది. పాత ఆర్ వాటిని డాక్యుమెంట్స్‌లో ఆర్ అనే ఫోల్డర్, దాని లోపల విన్-లైబ్రరీ, దాని లోపల 3.6 అనే ఫోల్డర్‌లో పెట్టింది. విండోస్‌లో 4.2 నుంచి ఆ చోటు కూడా మారింది. ఇప్పుడు యాప్‌డేటా అనే, మామూలుగా కనిపించని ఫోల్డర్ లోపల లోకల్‌లో పెడుతుంది. కొత్త ఆర్ కొత్త చోటే చూస్తుంది. అక్కడ ఖాళీ కాబట్టి లేదు అంటుంది. మన ఆర్ ఏ ఫోల్డర్లు చూస్తోందో తెలియాలంటే డాట్ లిబ్‌పాత్స్ అనే కమాండ్ కొట్టి బ్రాకెట్లు పెట్టండి, దారి మొత్తం చూపిస్తుంది.

మేం చేసిన మొదటి తెలివితక్కువ పని, పాత ఫోల్డర్ మొత్తం కాపీ చేసి కొత్త చోట పెట్టడం. 3 నుంచి 4కి వచ్చేటప్పుడు అది పనిచేయదు. ఇది 4.0 రాకముందు వేసిన ప్యాకేజీ, మళ్లీ వేయండి అని చెప్పి ఆగిపోతుంది. 4.2 నుంచి 4.3 లాంటి చిన్న మార్పుకైతే కొందరు కాపీ చేసి, తర్వాత అప్‌డేట్ డాట్ ప్యాకేజెస్‌ని చెక్‌బిల్ట్ ట్రూ అని పెట్టి నడుపుతారు. మాకు ఆ అవకాశం లేదు.

పనిచేసిన పద్ధతి ఇది. విండోస్‌లో కొత్త ఆర్ వేసినా పాతది దానంతట అది పోదు, మనం తీసేస్తే తప్ప పక్కనే ఉంటుంది. ఆర్‌స్టూడియోలో టూల్స్, గ్లోబల్ ఆప్షన్స్‌కి వెళ్తే ఏ వెర్షన్ వాడాలో ఎంచుకోవచ్చు. మళ్లీ పాత ఆర్ తెరిచి, ఇన్‌స్టాల్డ్ డాట్ ప్యాకేజెస్ కమాండ్‌తో అందులో ఉన్న పేర్లన్నీ తీసి ఒక టెక్స్ట్ ఫైల్‌లో దాచాం. కొత్త ఆర్‌లో ఆ ఫైల్ చదివి, ఇప్పటికే ఉన్నవి తీసేసి, మిగిలిన పేర్లని ఇన్‌స్టాల్ డాట్ ప్యాకేజెస్‌కి ఇచ్చాం. మధ్యలో కొన్ని ప్యాకేజీలకి సోర్స్ నుంచి కంపైల్ చేయాలా అని అడుగుతుంది. ఆర్‌టూల్స్ వేసుకోనివాళ్లు వద్దు అని చెప్పండి, సిద్ధంగా ఉన్న ఫైలే దిగుతుంది. సెలవులకి ఊరెళ్లినప్పుడు ఈ పని పెట్టుకోకండి. సిగ్నల్ కోసం గుట్టెక్కి కూర్చుంటే మధ్యలో ఆగిపోయి సగం సగం మిగులుతాయి. హాస్టల్‌లోనో, లైబ్రరీలోనో నెట్ బాగున్నప్పుడే చేయండి.

ఒక గంటలో దాదాపు అన్నీ వచ్చాయి. రానిది ఒకటి మిగిలింది. మ్యాపుల కోసం అన్నయ్య వాడిన ఆర్‌జీడాల్. ఎన్నిసార్లు కొట్టినా ఈ వెర్షన్‌కి దొరకదు అనే వచ్చింది. ఇది పాత ఇంట్లో మర్చిపోయిన సామాను కాదు, నిజంగానే తీసేశారు. ఆర్‌జీడాల్, ఆర్‌జియోస్, మ్యాప్‌టూల్స్ అనే మూడింటినీ వాటిని చూసుకునేవాళ్లు ముందుగానే చెప్పి, 2023 అక్టోబర్‌లో క్రాన్ నుంచి తప్పించారు. క్రాన్ అంటే ఆర్ ప్యాకేజీలన్నీ ఉండే చోటు. వాటి పని ఇప్పుడు ఎస్‌ఎఫ్ అనే ప్యాకేజీ చేస్తుంది. పాత స్క్రిప్టులో రీడ్‌ఓజీఆర్ ఉన్నచోట ఎస్‌టీ అండర్‌స్కోర్ రీడ్ పెట్టి, తర్వాతి లైన్లు కొన్ని సరిచేసుకుంటే మ్యాప్ వచ్చింది. కాబట్టి ఏదైనా దొరక్కపోతే ముందు ఒకటి తేల్చుకోండి: వేరే చోట ఉందా, అసలు తీసేశారా? మొదటిదైతే వెతకాలి, రెండోదైతే దాని బదులు ఏం వచ్చిందో తెలుసుకోవాలి. తేల్చుకోకుండా ఒకటే కమాండ్ పదిసార్లు కొట్టి మేం సగం రోజు పోగొట్టుకున్నాం.

ఇక్కడి నుంచి అసలు విషయం.

అన్నీ సర్దుకున్నాక స్క్రిప్టు చివరిదాకా నడిచింది. ఎర్ర అక్షరాలు లేవు. కానీ నడక సమయం సగటు ఉండాల్సిన చోట ఎన్‌ఏ అని వచ్చింది, అంటే విలువ లేదు అని. ఇంకా ఏదో ప్యాకేజీ తక్కువైంది అనుకున్నాం. పాత వెర్షన్‌లో ఇదే స్క్రిప్టు, ఇవే ఊళ్లు, చక్కగా ఒక అంకె ఇచ్చింది కదా. మరి ఇప్పుడేమైంది?

డేటా తెరిచి చూశాం. నడక సమయం వరసలో అక్కడక్కడ మేమే "తెలీదు" అని రాశాం. అంకెల మధ్య మాట ఉంది. మాట ఉంటే సగటు రాకూడదు, ఎన్‌ఏ అనడమే న్యాయం. అయితే పాతది ఎలా సగటు ఇచ్చింది? ఈ ప్రశ్న దగ్గర మాకు ఒళ్లు జలదరించింది.

2020లో 4.0 రాకముందు, రీడ్ డాట్ సీఎస్‌వీతో ఫైల్ చదివితే, మాటలున్న వరసని ఆర్ దానంతట అదే ఫ్యాక్టర్‌గా మార్చేసేది. ఫ్యాక్టర్ అంటే ఒక్కో విలువకి లోపల ఒక వరస నంబర్ ఇచ్చి దాచడం. మన వరసలో 10, 15, 45, 120, తెలీదు అని ఐదు ఉన్నాయనుకోండి. ఒక్క "తెలీదు" ఉండటం వల్ల అన్నిటినీ మాటలుగానే తీసుకుని, నిఘంటువులో లాగా మొదటి అక్షరం చూసి పేరుస్తుంది: 10, 120, 15, 45, తెలీదు. వాటికి 1, 2, 3, 4, 5 అని నంబర్లు ఇస్తుంది. తర్వాత స్క్రిప్టులో యాజ్ డాట్ న్యూమరిక్ అని అంకెలుగా మార్చితే, అసలు నిమిషాలు కాకుండా ఈ లోపలి నంబర్లు బయటికి వస్తాయి.

అంటే 120 నిమిషాలు నడిచే ఇల్లు 2 అయింది. 10 నిమిషాల ఇల్లు 1 అయింది. తెలీదు అన్న ఇల్లు 5 అయింది. ఈ ఐదింటి సగటు 3 వస్తుంది. నిజానికి తెలిసిన నాలుగిళ్ల సగటు 47.5 నిమిషాలు. మా అసలు డేటాలో వేర్వేరు విలువలు చాలా ఉన్నాయి కాబట్టి లోపలి నంబర్లు కూడా పెద్దవే, సగటు చూడ్డానికి నమ్మేలాగే ఉంది. అందుకే అన్నయ్యకీ అనుమానం రాలేదు, మాకూ రాలేదు. గర్భిణిని డోలీలో మోసుకుని రెండు గంటలు దిగే దారిని మా చేతులతోనే రెండు నిమిషాలు చేసి, రోడ్డు ఇప్పించండి అని అడగబోయాం.

నిజమా కాదా అని పాత ఆర్ మళ్లీ తెరిచి అదే ఫైల్ నడిపాం. అదే తప్పు అంకె వచ్చింది. కొత్త ఆర్‌లో ఆ పాత అలవాటు తీసేశారు, మాటలని మాటలుగానే ఉంచుతుంది. అందుకే దాచకుండా ఎన్‌ఏ అని చెప్పింది. మూడు రోజులుగా మేం తిట్టుకున్న అప్‌డేటే మమ్మల్ని కాపాడింది. అన్నయ్యకి చెప్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నా పేరు చెప్పే రాయండి, నేను రాసిన లైనే అది" అన్నారు. పేరు రాయడం లేదు గానీ, తప్పు ఆయన ఒక్కరిది కాదు. ఐదు వరసలు కాగితం మీద చేత్తో లెక్క వేసి చూసుంటే అప్పుడే దొరికేది. ముగ్గురిలో ఒక్కరం కూడా ఆ పని చేయలేదు.

ఇంకొకటి. "తెలీదు" ఉన్న ఇళ్లు వదిలేసి సగటు తీయడం ఒక్క మాటతో అయిపోతుంది, ఎన్‌ఏ డాట్ ఆర్‌ఎమ్ ట్రూ అని పెడితే చాలు. కానీ ఆ ఇళ్లు ఏవో చూస్తే చాలావరకు అన్నిటికంటే పైన, శిఖరం మీద ఉన్నవే. అక్కడి ముసలమ్మలకి నిమిషాల లెక్క లేదు. "పొద్దు పొడవకుండా బయలుదేరితే పొద్దెక్కాక చేరతాం" అన్నారు, మేం తెలీదు అని రాసుకున్నాం. తెలియనిది వాళ్లకి కాదు, ఆ జవాబుని ఎలా రాయాలో మాకు. ఆ ఇళ్లని వదిలేస్తే దూరంగా ఉన్నవాళ్లే లెక్కలోంచి పోతారు. అందుకని సగటు కింద వేరే వరస పెట్టి, నిమిషాల్లో చెప్పని ఇళ్లు ఎన్నో, వాళ్లు ఏ మాట అన్నారో అలాగే రాశాం.

అర్జీ రెండు రోజులు ఆలస్యంగా ఇచ్చాం. పాత పట్టిక తప్పని, ఎందుకు తప్పో ఊరి పెద్దలకి ముందే చెప్పాం. ఒక తాత, "మెషీన్ మాట నమ్మి మా కాళ్ల మాట మర్చిపోయార్రా" అన్నారు. తిట్టారో, నవ్వారో ఇప్పటికీ తెలీదు. రోడ్డు సంగతి ఇంకా ఏమీ తేలలేదు.

చివరగా, ఆర్ మొదలుపెట్టింది న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ యూనివర్సిటీలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అనే ఇద్దరు. ఇహాకా మావోరీ మూలాలున్న మనిషి, అంటే అక్కడి మూలవాసుల వంశం. ఇది తెలిసిన రోజు మేం ముగ్గురం చాలాసేపు ఆయన ఫోటో చూస్తూ కూర్చున్నాం. "మనకెందుకొచ్చినవి ఇవన్నీ" అన్న మా వాడు ఆ మాట మళ్లీ అనలేదు.

అప్‌డేట్ చేసే ముందు ఈ నాలుగు చేయండి. ప్యాకేజీల పేర్లు ఒక ఫైల్‌లో రాసుకోండి. సెషన్ఇన్ఫో అనే కమాండ్ ఇచ్చే సమాచారం మొత్తం ఫలితాల పక్కనే దాచండి, ఏ వెర్షన్‌లో వచ్చిన అంకెలో తర్వాత తెలుస్తుంది. పాత ఆర్ వెంటనే తీసేయకండి. రెండు వెర్షన్లలో ఒకే జవాబు వస్తోందా చూడండి, రాకపోతే కొత్తది పాడైందనే అనుకోకండి, పాతది కూడా చేత్తో సరిచూడండి.

ఎక్కడైనా ఆగిపోతే ఇక్కడే రాయండి, సిగ్గుపడొద్దు. ఎర్ర అక్షరాల ఫోటో పెట్టినా చాలు. మాకు తెలిసింది చెప్తాం, తెలియకపోతే అన్నయ్యని అడుగుతాం. జోహార్.