పెరటి కొలను

యానాంలోని మా పూర్వుల యింటి పెరటిలో ఇటుకలతోను, గానుగసున్నముతోను కట్టిన చిన్న కొలనొకటి కలదు. గోదావరిలో దింపుటకు ముందు నాన్నగారు మాకందరకు ఈత నేర్పినది అందులోనే. 1954లో ఫ్రెంచివారు వెడలిపోవునప్పటికే అది పాతది. 1996 నవంబరు తుపాను పెరటి కొబ్బరిచెట్లను కూల్చెను గాని దానిని కదల్పలేదు. కదల్చినవాడను నేనే.

పగుళ్లకు సిమెంటు పూయింపవలెనను తొందరలో భాద్రపదమున నీరంతయు తోడించితిని. గౌతమి నిండుగా పారునప్పుడు మా నేలలో ఊట పైకి వచ్చును. లోపలి నీటి బరువే గోడలకు ఆసరా. అది తొలగగానే తూర్పుగోడ రాత్రికి రాత్రి లోనికి ఒరిగెను.

"పూడ్చేద్దాంరా. ఇంక దిగేవాళ్లెవరు?" అనిరి అన్నగారు. నేను బదులు పలుకలేకపోతిని.

మరుసటి వైశాఖమున, ఊట దిగిన పిదప, ముసలి తాపీమేస్త్రి ఆ గోడను మరల సున్నముతోనే కట్టెను. ఇటుకపొడి కలిపిన సున్నము తడిలో సైతము గట్టిపడును. సిమెంటుపూత పాత ఇటుకలోని చెమ్మను బయటకు పోనీయదు. సున్నమునకు తొందర లేదు, మేస్త్రికిని లేదు. నాకు మాత్రము, అంత జరిగినను, ఉండెను.

సెలవులకు వచ్చిన మనుమరాలు మెట్టుమీద నిలిచి, "తాతయ్యా, లోతెంత?" అని అడిగెను. అన్నగారే పంచె బిగించి ముందు దిగిరి.