కూత

"వాడిది పొడుగు కూత" అన్నారంటే మా ఊళ్ళో ఆ కుర్రాడు ఆ రోజంతా గాల్లో తేలేవాడు. తెల్లారకముందే కాలువ గట్టు మీద పరిగెత్తుతూ, ఒక్క ఊపిరికి ఎన్ని కొబ్బరిచెట్లు దాటుతానో లెక్కపెట్టుకునేవాణ్ణి. ఎనిమిదో తరగతిలో పదకొండు చెట్లు. తొమ్మిదిలోకి వచ్చేసరికి పదహారు.

పెద్దవాళ్ళ చెడుగుడులో కూతకి పట్టింపు లేదు, నోటికొచ్చిన పదం కట్టి పాడుకుంటూ వెళ్ళేవారు. కనుమ పోటీల్లో అలా కుదరదు. "కబడ్డీ" తప్ప ఇంకో మాట రాకూడదు. అవతలి బరిలో కాలు పెట్టకముందే అందుకోవాలి, తిరిగి మధ్యగీత చేరేదాకా తెగకూడదు. తెగితే చచ్చినట్టే.

బరి తయారుచేసే పని పిల్లలది. కోతలైన చేలో మోళ్ళు పీకి, పెంకులు ఏరి, నీళ్ళు చల్లి చదును చేసి, పైన రంపప్పొట్టు పరిచేవాళ్ళం. గీతలు మాత్రం మమ్మల్ని వేయనిచ్చేవారు కాదు. పక్కూరి హైస్కూలు డ్రిల్లు మాస్టారు సైకిలు మీద వచ్చి, తాడు పట్టి, సున్నం తానే పోసేవారు. రూలు ప్రకారమైతే కబడ్డీకి ఒక రిఫరీ, ఇద్దరు అంపైర్లు, స్కోరు రాసేవారు, వాళ్ళకి ఇద్దరు సహాయకులు ఉండాలి. మా పోటీలకి అంతా ఆయనే. కూతకెళ్ళినవాడితో పాటు గీత బయట తానూ కదిలేవారు, నడుం వంచి, కుడిచెవి ఆటగాడి వైపు పెట్టి. కళ్ళు వాడి కాళ్ళ మీద, చెవి వాడి గొంతు మీద. మైకు మోతలో, ఎడ్లబళ్ళెక్కిన జనం కేకల్లో ఒక పిల్లాడి కూత వినడానికి ఆయనకి అంతకంటే దారి లేదు.

1988 కనుమ. ఫైనలు. ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం, ఆఖరి కూత నాది. మూలనున్నవాడి భుజం తాకి తిరగబోతుంటే వాడు నా చీలమండ దొరకబుచ్చుకున్నాడు, ఇంకొకడు నడుం పట్టాడు. ఇద్దరూ తాకినట్టే, గీత అందుకుంటే రెండు పాయింట్లు, గెలుపు మాది. బోర్లా పడి, మోచేతుల మీద పాక్కుంటూ వెళ్ళాను. జానెడు దూరంలో గొంతు ఆగిపోయింది. రెప్పపాటు. గుప్పెడు గాలి లోపలికి వెళ్ళింది. మళ్ళీ "కబడ్డీ" అంటూ గీత మీద చెయ్యి వేశాను. మా ఊరంతా లేచి అరిచింది. ఆ అరుపుల్లోనే ఈల మోగింది.

"కూత తెగింది. అవుట్," అన్నారు మాస్టారు.

మా బాబాయి బరిలోకి దూకాడు. "ఎక్కడ తెగింది మాస్టారూ? మాకు ఇక్కడిదాకా వినపడింది!" వెనకే పదిమంది. ఎవరో ఆయన చొక్కా పట్టుకున్నారు, ఈల తాడు తెగి పొట్టులో పడింది. పొద్దున అవతలివాళ్ళ ఇంట్లో కాఫీ తాగాడు చూశాను అని ఒకడు. ఆయన వంగి ఈల వెతుక్కుని, తుడుచుకుని, "నా చెవికి తెగిందయ్యా. పాయింటు వాళ్ళదే" అన్నారు. గొంతు పెంచలేదు.

బాబాయి నా భుజం కుదిపాడు. "చెప్పరా! తెగిందా?"

నేను ఏడ్చాను. నా ఏడుపే వాళ్ళకి సాక్ష్యమైపోయింది. పిల్లాడికి అన్యాయం జరగకపోతే అంతలా ఏడుస్తాడా అన్నారు. ఆ రెండు వందల మందిలో నిజం తెలిసినవాళ్ళం ఇద్దరమే, ఆయనా నేనూ. ఆయన చెప్పాల్సింది చెప్పేశారు. కనుమ నాడు మా ఊరొచ్చినవాళ్ళు గారె ముక్క నోట్లో వేసుకోకుండా వెళ్ళరు. ఆయన వెళ్ళారు.

2023 అక్టోబరు 7న హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో భారత్, ఇరాన్ కబడ్డీ ఫైనల్ చూస్తూ ఇదంతా మళ్ళీ అనుభవించాను. స్కోరు 28-28, నిమిషం పైచిలుకు ఆట మిగిలింది. పవన్ సెహ్రావత్ ఎవర్నీ తాకకుండానే బరి పక్క పట్టీలోకి, అంటే లాబీలోకి వెళ్ళాడు, ఇరాన్ వాళ్ళు వెంటపడి తామూ లాబీలోకి వచ్చారు. పాత రూలా, కొత్త రూలా అని గొడవ. తీర్పు మారింది, మళ్ళీ మారింది. ఆటగాళ్ళు మ్యాట్ మీదే కూర్చున్నారు. దాదాపు గంట ఆట ఆగింది. చివరికి మనకి మూడు, వాళ్ళకి ఒకటి ఇచ్చారు. 33-29తో స్వర్ణం మనదైంది. ఇంట్లో అందరూ గంతులేశారు. నా కళ్ళు ఆ అధికారుల మీదే ఉండిపోయాయి. కాలు గీత దాటిందో లేదో కెమెరా పట్టిస్తుంది. ఇన్ని కెమెరాలుండి కూడా వాళ్ళకి అంత కష్టమైంది. ఊపిరి తెగడాన్ని ఏ కెమెరా పట్టిస్తుంది? రిఫరీలు పొరబడతారు, పొరబడగా నేను చూశాను కూడా. కానీ ఆయన చెప్పింది నిజమని తెలిసినవాడు నోరు మూసుకున్నప్పుడు ఆయనకి మిగిలే ఒంటరితనం ఎలాంటిదో ఆ కనుమ నాడు నా కళ్ళముందే ఉంది. నేను కల్పించిందే అది.

బాబాయికి నిజం చెప్పడానికి నాకు వానాకాలం దాకా పట్టింది. నారుమడి దగ్గర చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తిట్టలేదు, కొట్టలేదు. సంక్రాంతి దగ్గర పడ్డాక, మాస్టారిని పిలవడానికి తానే సైకిలేసుకుని వెళ్ళాడు. అక్కడ ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు.

కనుమ పొద్దున ఆయన గీతలు పోస్తుంటే దగ్గరికి వెళ్ళాను. "మాస్టారూ, నిరుడు..." అన్నాను.

"గీత తొక్కకురా," అన్నారు తల ఎత్తకుండా. "సున్నం ఇంకా తడిగా ఉంది."

మధ్యాహ్నం మొదటి కూతకి నన్నే పంపారు. మధ్యగీత దగ్గర నిలబడ్డాను. మైకు మోగుతూనే ఉంది, జనం అరుస్తూనే ఉన్నారు. మాస్టారు నడుం వంచి, చెవి నా వైపు తిప్పేదాకా ఆగి, అప్పుడు అందుకున్నాను.