అమ్మ చూసిన చిత్రనగరి

హైదరాబాదు శివారులో 1996లో వెలసిన రామోజీ ఫిల్మ్ సిటీ ప్రపంచంలోకెల్లా పెద్ద చిత్రనిర్మాణ సముదాయంగా గిన్నిస్ పుటలకెక్కింది. 1,666 ఎకరాలనూ ఒక్క పగటిలో చుట్టిరావాలని మా పిల్లల పంతం. మోకాళ్ళ నొప్పులతో బాధపడే మా అమ్మ మాత్రం, "నేనీ చెట్టునీడన కూర్చుంటాను, మీరు వెళ్ళిరండి నాయనా" అన్నది. ఆమెను విడిచి చూసే వింతలో వేడుక ఏముంటుంది? పిల్లలను వాళ్ళమ్మతో ఆటలవైపు పంపి, నేను అమ్మతో సందర్శకుల బస్సెక్కాను. వీధులు, మేడలు, రైల్వేస్టేషను దాటిపోయాయి. బస్సు మలుపు తిరగగానే ఒక రాజభవనం వెనుకభాగం కనబడింది. గోడను నిలబెట్టిన ఇనుపకమ్ములు తప్ప అక్కడ మరేమీ లేదు! అమ్మ పకపక నవ్వి, "సురభి నాటకాలవాళ్ళు ఇంతటి కోటనూ గుడ్డతెర మీదే చూపేవారురా" అన్నది. అది మొదలు ప్రతి భవనం వద్దా, "దీని వెనుకవైపు చూపించు బాబూ" అని గైడును అడుగుతూనే ఉంది.