మాయాలోకాల పుట్టిల్లు

హీరోకి అమ్మో నాన్నో ఉండరు. ఓ మామూలు తలుపు తీస్తే చాలు, అవతల మరో లోకం! పిల్లల ఫాంటసీ నవల ఏది చేతికొచ్చినా దాదాపు ఇవే దినుసులు. ‘ఎప్పుడూ ఇదేనా’ అనిపించడమూ సహజమే. వాటి మూలాలు చూడాలంటే లండన్‌లోని ప్యాడింగ్టన్ స్టేషన్‌లో రైలెక్కాలి. గంటలో వచ్చేస్తుంది ఆక్స్‌ఫర్డ్.

ముందుగా తలుపు. సెయింట్ మేరీ చర్చి పక్క సందులో ఉందది. మధ్యలో సింహంలాంటి ముఖం, పైన రెండువైపులా మేక కాళ్ల బంగారురంగు బొమ్మలు, దగ్గర్లోనే వీధిదీపం. సి.ఎస్.లూయిస్‌కి ‘నార్నియా’ ఆలోచన ఇక్కడే తట్టిందని గైడ్లు చెబుతారు. ఆధారాల్లేకపోయినా ఫొటోలు దిగేవారికి కొదవలేదు.

తర్వాత మాయల బడి. క్రైస్ట్ చర్చ్ కాలేజీ మెట్ల మీద హ్యారీ పోటర్ సినిమా తీశారు. ఇక్కడి భోజనశాల స్ఫూర్తితోనే హాగ్వార్ట్స్ హాలు సెట్ వేశారు.

బొటానిక్ గార్డెన్‌లో ఓ చెక్క బెంచీ ఉంది. ఫిలిప్ పుల్‌మన్ నవల ‘ది ఆంబర్ స్పైగ్లాస్’ (2000) చివర్లో లైరా, విల్ వేర్వేరు లోకాలకు విడిపోతారు. ఏటా ఒకరోజు మధ్యాహ్నం ఎవరి లోకంలో వాళ్లు ఈ బెంచీ మీదే కూర్చోవాలని మాటిచ్చుకుంటారు.

ఇక శివార్లలో లూయిస్ ఇల్లు ‘ది కిల్న్స్’. 1939లో బాంబుల భయంతో ఇళ్లు వదిలిన పిల్లలు కొందరు ఇక్కడ తలదాచుకున్నారు. 1950లో వచ్చిన తొలి నార్నియా నవల్లోనూ నలుగురు పిల్లలు అలాగే ఓ ప్రొఫెసర్ ఇంటికి చేరతారు.

మరి అమ్మానాన్నల్లేని హీరో? అదీ ఊరికే పుట్టలేదు. ఆక్స్‌ఫర్డ్‌లో పాఠాలు చెప్పిన టోల్కీన్‌కి నాలుగేళ్లప్పుడు తండ్రి, పన్నెండేళ్లప్పుడు తల్లి దూరమయ్యారు. ఆయన ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’లో ఫ్రోడో కూడా అనాథే. పుల్‌మన్ ఏడేళ్ల వయసులో, 1954లో, తండ్రి విమాన ప్రమాదంలో పోయారు. లూయిస్ తల్లిని 1908లో క్యాన్సర్ బలితీసుకుంది. అప్పటికి ఆయనకి తొమ్మిదేళ్లు.

ఆ తర్వాత 47 ఏళ్లకి లూయిస్ రాసిన ‘ద మెజీషియన్స్ నెఫ్యూ’ అచ్చయింది. అందులో డిగొరీ అనే పిల్లాడు మాయాలోకం నుంచి ఓ యాపిల్ తెచ్చి, మంచంపట్టిన తల్లికి తినిపిస్తాడు. ఆమె కోలుకుంటుంది.

లూయిస్ సమాధి ఆ ఇంటికి దగ్గర్లోని హోలీ ట్రినిటీ చర్చి ఆవరణలో ఉంది. చర్చి లోపల ఓ కిటికీ అద్దం నిండా నార్నియా బొమ్మలే. ఆక్స్‌ఫర్డ్ వెళ్తే అదీ చూసి రావచ్చు.